నిశ్శబ్దానికి అరవై మార్కులు

మా ఆఫీసులో వినడం నా ఉద్యోగం. మాటలు కాదు, పాటలు. ప్రాంతీయ జానపద ధ్వని భాండాగారంలో నేను రెండో తరగతి శ్రవణ సహాయకురాలిని. పేరు సుభాషిణి. ఇరవై రెండేళ్ళుగా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎప్పుడో ఎవరో పాడిన ఊడ్పు పాటలూ దంపుడు పాటలూ వింటున్నాను. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో పాడారు, మధ్యలో కోడి ఎన్నిసార్లు కూసింది అన్నవి రాసిపెట్టి జీతం తీసుకుంటున్నాను. ఇంట్లో మాత్రం ఎవరి మాటా వినననే పేరుంది. జీతం లేకుండా ఎవరు వింటారు చెప్పండి?

కిందటేడు పై ఆఫీసు వాళ్ళకి ఆధునికీకరణ మీద మనసు పడింది. టేపుల్లో ఉన్న నాలుగు వేల పాటల్నీ తమ కంప్యూటరులోకి ఎక్కించి, అక్కణ్ణించి ట్యాబ్‌ల్లోకి దించి, పాత టేపు యంత్రాలను తుక్కు కింద పంపేశారు. ట్యాబ్‌లు వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి, ఫొటోలు తీయించుకున్నాం. తర్వాత నేను హెడ్‌ఫోను తీసుకుని కూర్చుంటే తెలిసింది, దాని పుల్ల దూర్చడానికి ట్యాబ్‌కి చిల్లు లేదని.

మా సూపరింటెండెంటు లింగమూర్తిగారు ట్యాబ్‌ని నాలుగు పక్కలా తిప్పి చూసి, "లోపల ఉండి ఉంటుందమ్మా. ప్రభుత్వ వస్తువు కదా, అంత తొందరగా కనబడదు" అన్నారు.

స్పీకరులో వేసుకుని విందామంటే కుదరదు. భాండాగారం పాట నాలుగు గోడలు దాటి బయటికి పోకూడదని పాత నిబంధన. అందుకని స్పీకరు చిల్లులకు లక్క పోసి సీలు వేశారు. వైరు లేని హెడ్‌ఫోన్లు వాడదామంటే, గాలిలో పోయే పాటను దారిలో ఎవరైనా ఎత్తుకుపోతారని లింగమూర్తిగారు ససేమిరా అన్నారు. దాంతో నాలుగు వేల పాటలూ బీరువాలో పడుకున్నాయి. అయిదు నెలలపాటు ఒక్క పాటా ఎవరూ వినలేదు, ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదు రాలేదన్న సంగతి వార్షిక నివేదికలో ప్రత్యేకంగా రాశాం.

అలాంటి రోజుల్లో, ఉగాది వెళ్ళిన వారానికి, బంగారమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. మూడు బస్సులు మారి వచ్చిన మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, పాటలు దాసీసినారంట, ఇక్కడే కదా? మాది తియ్యి. ఇనీసి ఎల్లిపోతాను. మజ్జాన్నం బస్సుకి పోవాల."

అడిగితే చెప్పుకొచ్చింది. నలభై ఆరేళ్ళ కిందట మా భాండాగారం జీపు వాళ్ళ ఊరు వెళ్ళింది. బంగారమ్మా, ఆమె తోటికోడలు సింహాచలమూ ఒకే రోట్లో జోడు రోకళ్ళు వేసి దంచుతూ పాడేవారట. ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు, మధ్యలో చీమ దూరే సందు ఉండేది కాదట.

"ఆ రోజు పాట సివర్న రోకలి తప్పీసినాది తల్లీ. రోకళ్ళు రెండూ గుద్దుకున్నాయి. దరువు ఇరిగిపోనాది. మరోపాలి పాడతామంటే జీపు బాబుకాడ టేపు నేదు. రేడియోలో ఏయిత్తామన్నారు గానీ మా పాట ఎయ్యనేదు. ఊరు ఊరంతా రేడియో కాడ కూకుంటే పక్కూరోళ్ళ పాట ఏసినారు. నాకు తల కొట్టీసినట్టు అయినాది."

"ఎవరి రోకలి తప్పింది?"

"దాందే!" అంది, ఇంకా నిన్ననే జరిగినట్టు. "నలభై ఆరేళ్ళ బట్టీ అంతన్నాను. ఏ పెళ్ళికెల్లినా అంతాను, ఏ సావుకెల్లినా అంతాను. అది పల్లకుంటాది. మొన్న మా మనవరాలి పెళ్ళి మాటలకాడ మల్లీ అన్నాను. ఇన్నేళ్ళకి నోరిప్పినాది. 'అప్పా, పాట ఆపీసులో ఉన్నాది కదా. ఎల్లి ఇనీసి రా. తప్పు నాదైతే నీ కాళ్ళు కడుగుతాను. నీదైతే నీ నోటితో నువ్వే సెప్పు' అన్నాది. ఊరి ముందర ఒప్పీసుకున్నాను."

"ఇప్పుడు వింటే తెలుస్తుందా ఎవరిదో?"

"నా రోకలి కొనకి ఇనప పొన్ను తొడిగుంటాది. గణ్మంటాది. దాందానికి పొన్ను నేదు. దబ్మంటాది. ఎందుకు తెల్దు? కానీ కుడి సెవి అయిపోనాది తల్లీ. ఎడమది దసరా దాటదని డాట్రు బాబు సెప్పీసినాడు. అది కూడా పోతే నానింక ఎప్పుడు ఇంతాను?"

నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. ఆమె పాట ఆరువందల పద్నాలుగో నంబరు. నా కుర్చీకి మూడడుగుల దూరంలో, బీరువాలో ఉంది. వచ్చే నెల రమ్మని చెప్పి పంపించి, ఆ సాయంత్రమే ఫైలు మీద రాశాను: "ట్యాబ్‌కీ హెడ్‌ఫోనుకీ నడుమ తగిలించే చిన్న తోకలాంటి వస్తువు ఒకటి కావలెను. మన ఆఫీసు ఎదుటి సెల్‌ఫోన్ల కొట్టులో దొరుకును. అనుమతించినచో టీ తాగి వచ్చు లోపల తేగలను."

లింగమూర్తిగారు 'తోక' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి 'శ్రవణ అనుసంధాన ఉపకరణము' అని దిద్దారు. టీ అన్న మాటను కూడా కొట్టేశారు. దిద్దిన ఫైలు ఉపసంచాలకులు జలంధర్‌గారి బల్ల మీదికి వెళ్ళింది. అక్కడే కొంప మునిగింది.

జలంధర్‌గారికి ఈమధ్యే మంచి శబ్దం పిచ్చి పట్టుకుంది. ఇంట్లో ఎనిమిది జతల హెడ్‌ఫోన్లున్నాయి. అవి పెట్టుకుని ఏం వింటారని అడిగాను ఒకసారి. "వినడం కాదండీ, పోల్చి చూస్తాను" అన్నారు. అలాంటాయన చేతికి నా ఫైలు దొరికింది. నన్ను పిలిపించారు.

"సుభాషిణిగారూ, మీరు తోక అని రాశారట. నాకు చాలా బాధ కలిగింది. అది తోక కాదండీ, మెదడు! ట్యాబ్‌లో ఉన్నవి పాటలనుకుంటున్నారా? వట్టి అంకెలు. ఆ అంకెల్ని పాటగా మార్చే చిప్పు, మీరు తోక అంటున్న ఈ డాంగిల్లో ఉంటుంది. ఎదుటి కొట్టులో దొరికే నాసిరకం చిప్పుతో మన జానపద వారసత్వాన్ని వింటారా? శబ్దానికి వెడల్పుంటుందండీ. లోతుంటుంది. మంచి డాంగిల్లో శబ్దం మధ్య గాలి ఆడుతుంది."

"సార్, ఆవిడ దంపుడు పాట వింటుందంతే. రోకలి చప్పుడు వినబడితే చాలు."

"చాలు అన్న మాట దగ్గరే మన దేశం ఆగిపోయిందండీ" అన్నారాయన.

మర్నాటికల్లా డాంగిల్ ఎంపిక సంఘం పుట్టింది. సంచాలకులు చక్రపాణిగారు అధ్యక్షులు, జలంధర్‌గారు నిపుణులు, లింగమూర్తిగారు నిబంధనలు చూసేవారు, నేను వినేదాన్ని. డాంగిళ్ళు అమ్మేవాళ్ళంతా తలా ఒక నమూనా పంపాలని ప్రకటన ఇచ్చాం. పదకొండు వచ్చాయి. బొటనవేలంత సైజులో, ఒకదాన్నొకటి పోలి, బల్ల మీద వరసగా పడుకున్నాయి. ఏది మంచిదో చెవి తేల్చాలి తప్ప కాగితం తేల్చకూడదని జలంధర్‌గారు పట్టుబట్టారు.

"చెవి అంటే ఎవరి చెవి?" అన్నారు లింగమూర్తిగారు.

నిజమే, ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ప్రభుత్వం తరఫున వినబోయే చెవులకు వైద్య ధ్రువపత్రం ఉండాలని తీర్మానించారు. సిబ్బంది అందరం వరసగా వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకుని వచ్చాం. ఎవరికి ఎంత సన్నని శబ్దం వినబడుతుందో అంకెల్లో రాసిచ్చారు. అంకె పెద్దదైతే చెవి చురుకని అర్థం. సంచాలకులు గారికి ఆరు వేలు. జలంధర్‌గారికి తొమ్మిది వేలు. నాకు పన్నెండు వేలు. గదులు ఊడ్చే పోలమ్మకు పదిహేను వేలు.

లింగమూర్తిగారు ఆ కాగితాలు చూసి నుదురు పట్టుకున్నారు.

"ఇది చాలా ప్రమాదకరమైన పరిస్థితండీ. హోదా తగ్గేకొద్దీ వినికిడి పెరుగుతోంది. రేపు ఈ సుభాషిణిగారు 'నాలుగో నంబరులో సన్నని ఈల వినబడింది' అని ఫైల్లో రాస్తారు. సంచాలకులవారికి అది వినబడదు. వినబడని దానికి వారు సంతకం ఎలా పెడతారు? పెట్టకపోతే కింది ఉద్యోగి మాట తోసిపుచ్చినట్టు. పెడితే పోలమ్మ చెవి కన్నా వారి చెవి తక్కువని ఒప్పుకున్నట్టు."

"అయితే మార్గం?" అన్నారు చక్రపాణిగారు.

మార్గం ఆ సాయంత్రమే గోడకెక్కింది: "యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకపై పనివేళలలో ఏ ఉద్యోగియు తన పై అధికారికి వినబడని శబ్దమును వినరాదు. పొరపాటున వినబడినచో, అదే దినము సాయంత్రము లోపల లిఖితపూర్వకముగా తెలియజేసి, విన్నదానిని క్రమబద్ధము చేయించుకొనవలెను."

మొదటివారం నేను బుద్ధిగా దరఖాస్తులు పెట్టుకున్నాను. దోమ విన్నానని ఒకటి, తలుపు కీచుమందని ఒకటి. దోమకు అనుమతి రాలేదు. తలుపు విషయం పరిశీలనలో ఉంది. రెండో వారంలో మేడ మీది నీళ్ళ ట్యాంకు నిండి అలారం కీచుమని మొత్తుకుంది. చక్రపాణిగారికి వినబడలేదు. కాబట్టి ఎవరికీ వినబడలేదు. రెండు గంటలపాటు మెట్ల మీంచి నీళ్ళు జలపాతంలా దిగివస్తుంటే, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, అలారం వినలేదని అందరం రిజిస్టరులో సంతకాలు చేశాం. పోలమ్మ ఒక్కతే గబగబా కింది అరల్లో ఫైళ్ళు పై అరల్లోకి సర్దింది. నీళ్ళను చూసి సర్దానని, అలారం విని కాదని రాయించుకుని ఆమెను వదిలేశారు.

బంగారమ్మ రెండోసారి వచ్చింది. సంఘం పని నడుస్తోందని చెప్పాను. కుడి పక్కన నిలబడి చెబితే అందలేదు. ఎడమ పక్కకు వెళ్ళి మళ్ళీ చెప్పాను.

"సంగమేటి? పాట యినడానికి పదకొండు సామాన్లెందుకు? మీకేటైనా మతిపోనాదా?" అంది.

ఆ ప్రశ్న రాతపూర్వకంగా వస్తే జవాబివ్వచ్చు. నోటితో అడిగితే మేమేం చెప్పగలం?

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆరువందల పద్నాలుగో పాట వేద్దాం, పనిలో పనిగా ఆవిడనీ పిలుద్దాం అన్నాను. రోకలి చప్పుడుతో డాంగిల్ సత్తా తెలియదని జలంధర్‌గారు ఒక లాలిపాట ఎంచుకున్నారు. మార్కుల పట్టిక కూడా ఆయనే తయారుచేశారు. వెడల్పుకు పదిహేను, లోతుకు పదిహేను, గాలికి పది. మిగతా అరవైయ్యీ నిశ్శబ్దానికి.

"నిశ్శబ్దానికా?" అన్నాను.

"అదేనండీ అసలు రహస్యం. శబ్దం ఏ డాంగిలైనా ఇస్తుంది. శబ్దం లేనిచోట ఎంత లేకుండా ఉంటుందన్నదే ఘనత. చెవి దగ్గర సర్రుమనే సణుగుడు ఉండకూడదు. నిశ్శబ్దం కాటుకలా నల్లగా ఉండాలి. తెలిసినవాళ్ళు దాన్నే నల్లని నేపథ్యం అంటారు."

తెలిసినవాళ్ళ మాట వచ్చేసరికి చక్రపాణిగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన మరో రెండేళ్ళలో రిటైరవుతారు. ఈలోగా తెలియనివాడనిపించుకోవడం ఆయనకు ఇష్టంలేదు.

ముందుగా ప్రతి డాంగిల్నీ తగిలించి, పాట మొదలుపెట్టి, హెడ్‌ఫోను అధ్యక్షులవారికి అందించడం నా పని. ఆరు నంబర్లు అయ్యాయి. ఆయన ప్రతిసారీ కళ్ళు మూసుకుని, తెరిచి, "ఫరవాలేదు" అన్నారు. ఏడో నంబరు తగిలించాను. మిగతావాటికి వెలిగే చిన్న దీపం దీనికి వెలగలేదు. చెవి దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. చచ్చిన డాంగిల్.

"సార్, ఇది పని..." అనేలోపల చక్రపాణిగారు నా చేతిలోంచి హెడ్‌ఫోను లాక్కుని పెట్టుకున్నారు.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆయన ముఖంలో మొదట అనుమానం, తర్వాత భయం, ఆఖరికి పరమశాంతం కనబడ్డాయి.

"జలంధర్‌గారూ," అన్నారు నెమ్మదిగా, "నలుపంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందండీ."

జలంధర్‌గారు ఆత్రంగా అందుకున్నారు. ఆయనకూ ఏమీ వినబడలేదు. అది ఆయన కళ్ళలో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. కానీ పై అధికారి విన్నదాన్ని తను వినలేదంటే నిపుణుడి పరువేం కావాలి?

"అద్భుతం సార్! సణుగుడన్న మాటే లేదు. ఇంత నల్లని నేపథ్యం నేను పుస్తకాల్లో చదవడమే."

"లాలిపాట కదా, మెల్లిగా నిద్ర కూడా వస్తోంది" అన్నారు చక్రపాణిగారు.

"వెడల్పు ఎంత వేద్దాం సార్?"

"దీనికి ఎల్లలేవీ? పదిహేనుకు పదిహేనూ వేసెయ్యండి."

లింగమూర్తిగారు హెడ్‌ఫోను ముట్టుకోకుండానే 'సంచాలకులవారితో ఏకీభవిస్తున్నాను' అని రాసి సంతకం చేశారు. నా వంతు వచ్చింది.

"సార్, తమరికి పాట వినబడిందా?" అని అడిగాను.

"పాటా? అంతటి నిశ్శబ్దంలో పాట గురించి ఆలోచించడానికి మనసొప్పుతుందా?"

"అంటే వినబడలేదు. గోడ మీద ఆర్డరు ప్రకారం తమకు వినబడనిది నాకూ వినబడకూడదు. కాబట్టి నాకూ ఏమీ వినబడలేదు సార్" అని, అదే రాసి సంతకం చేశాను. నా ఉద్యోగంలో నిజమూ నిబంధనా ఒకే వాక్యంలో ఇమిడిన రోజు అదొక్కటే.

ఏడో నంబరుకు నూటికి నూరు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్నదానికి నలభై ఒకటి. అరవై డాంగిళ్ళకు ఆర్డరు వెళ్ళింది.

నాలుగో రోజున వాటిని సరఫరా చేసే అంబరీషు చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి, ముప్పయ్యేళ్ళుగా వ్యాపారంలో ఉన్నవాడు.

"మేడమ్, మీరైనా నా మొర వినండి. ఆ ఏడో నంబరు పాడైపోయిన పీసండీ. తిరిగి పంపాల్సింది పొరపాటున మీ పెట్టెలో పడిపోయింది. మంచివి అరవై ఇస్తాను బాబూ అంటే సూపరింటెండెంటుగారు మీదకొస్తున్నారు. నమూనాకు వెంట్రుకవాసి తేడా వచ్చినా నన్ను బ్లాక్‌లిస్టులో పెడతారట."

"సంచాలకులు గారితో చెప్పకపోయారా?"

"చెప్పానండీ. 'మీ వస్తువు విలువ మీకే తెలియదు' అని భుజం తట్టి పంపించారు."

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? బంగారంలాంటి డాంగిళ్ళు అరవై తెప్పించి, వాటిని విప్పి లోపలి తీగ తెంపి మళ్ళీ అతికించడానికి ఒక మెకానిక్కుని పెట్టుకున్నాడు. పని సున్నితమైంది కావడంతో ఆలస్యమైంది. ఈలోగా బంగారమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి ఎడమ చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప నా మాట ఆమెకు అందలేదు. "ఇంకెన్నాళ్ళు తల్లీ?" అని అడిగి, నేను చెప్పింది వినబడక, వినబడినట్టు తలూపి వెళ్ళిపోయింది. ఆ వేళ అన్నం సహించలేదు నాకు. ఎదుటి కొట్టుకెళ్ళి ఒకటి కొని తెచ్చి తగిలించేద్దామని లేచాను కూడా. ప్రభుత్వ ట్యాబ్‌కి సొంత వస్తువు తగిలిస్తే సస్పెన్షనని లింగమూర్తిగారు బీరువా మీద అంటించిన కాగితం చూసి మళ్ళీ కూర్చున్నాను. పిరికిదాన్ని. ఒప్పుకుంటున్నాను.

సరుకు రాగానే తనిఖీ జరిగింది. అరవైలో యాభై ఆరు నమూనాకు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. నాలుగింట్లో మాత్రం తీగ సరిగ్గా తెగక, శుభ్రంగా పాట వినబడింది. లింగమూర్తిగారు ఆ నాలుగింటినీ ఒక అట్టపెట్టెలో వేసి, 'శబ్దదోషము వలన తిరస్కరించడమైనది' అని ఎర్రకాగితం అంటించి, వాపసు పంపేదాకా నా బల్ల కింద పెట్టించారు.

దసరా పదిరోజుల్లోకి వచ్చిందనగా ప్రారంభోత్సవం పెట్టారు. మా హాల్లోనే వేదిక, బంతిపూల దండలు, ముగ్గురు విలేకరులు. మొట్టమొదటి శ్రోతగా బంగారమ్మను పిలిచారు. గ్రామీణ మహిళ అయితే ఫొటో బాగుంటుందని జలంధర్‌గారి ఆలోచన. ఆమె కొత్త నేతచీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. నన్ను చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

నేను చక్రపాణిగారి దగ్గరికి వెళ్ళి, "సార్, ఆవిడకు వినబడదండీ, ఒక్క మాట..." అన్నాను.

"వినికిడి తగ్గినవారికి ఇది మరింత ఉపయోగం సుభాషిణిగారూ. సణుగుడే ఉండదు" అని మైకు అందుకున్నారు. "సోదరసోదరీమణులారా! ఈ ఉపకరణం ద్వారా మన పల్లెపదం అత్యంత పరిశుద్ధమైన రూపంలో ప్రజల చెవిని చేరబోతోందని ఈ సందర్భంగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను!"

చప్పట్ల మధ్య జలంధర్‌గారు ఆమె చెవులకు హెడ్‌ఫోను పెట్టి, ఆరువందల పద్నాలుగో నంబరు నొక్కారు. కెమెరాలు తళుక్కుమన్నాయి. బంగారమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపాగి తెరిచింది. ఎడమ చెవి మీద హెడ్‌ఫోనుని నొక్కి పట్టుకుంది. తల విదిలించింది. మెల్లిగా ఆమె ముఖం వాడిపోవడం మొదలుపెట్టింది.

"బాబూ, ఎట్టినారా?"

జలంధర్‌గారు తెర చూపించారు. పాట నడుస్తున్నట్టు గీత కదులుతోంది.

"అయ్యో, పోనాదా! ఎడమది కూడా పోనాదా!" అని ఆ ముసలామె వేదిక మీద, అందరి ముందూ, చెవి మీద అరచేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టింది. "ఇంకా పది రోజులున్నాయి కదరా తండ్రీ! దసరా ఇంకా రానేదు కదా! నానెప్పుడు ఇనాలి ఇంక, నానెలగ తేల్సుకోవాలి?"

విలేకరులు ఆనందబాష్పాలని రాసుకుంటున్నారు. చక్రపాణిగారు ముందువరస వైపు తిరిగి, "ఎంత కదిలిపోయిందో చూశారా!" అంటున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది. నా బల్ల దగ్గరికి పరిగెత్తి, ఎర్రకాగితం చింపి, తిరస్కరించిన నాలుగింట్లో ఒకటి తీసుకుని వేదిక ఎక్కాను. నల్లని నేపథ్యాన్ని పీకి కింద పారేసి, శబ్దదోషం ఉన్నదాన్ని తగిలించాను. చిన్న దీపం వెలిగింది.

బంగారమ్మ ఉలిక్కిపడింది.

"ఇనబడతన్నాది!" అని కేకవేసింది. "సెవి పోనేదు! ఇనబడతన్నాది తల్లీ!"

"వినబడుతోందా?" అన్నారు చక్రపాణిగారు, పాము కనబడినట్టు వెనక్కి జరిగి. "నాకు వినబడనిది ఆవిడకెలా వినబడుతుంది?"

"ఆవిడ మన సిబ్బంది కాదు సార్. ఆర్డరు వర్తించదు" అన్నాను.

లింగమూర్తిగారు వేదిక మూలన నిలబడే నాకు మెమో రాయడం మొదలుపెట్టారు. తిరస్కరించిన సామగ్రిని ముట్టుకున్నందుకు ఒకటి, అధికారిక కార్యక్రమంలో శబ్దం కలిగించినందుకు ఒకటి. రాసుకోనీ అనుకున్నాను.

బంగారమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె రెండు చేతులూ లేని రోకలిని పట్టుకుని లేస్తున్నాయి, దిగుతున్నాయి. పెదవులు పాటతో కలిశాయి. ఆఖరి చరణం దగ్గర చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"మల్లీ ఎట్టు."

మళ్ళీ పెట్టాను. అక్కడే ఆగింది. మూడోసారి పెట్టాను. హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరిది?" అని ఆమె ఎడమ చెవి దగ్గర అడిగాను.

"గణ్మనాల. అన్నేదు" అంది. "నా పోటే పడనేదు. ఊపిరందక ఆగిపోయినట్టున్నాను. పాట పడిపోకుండా నా పోటు కూడా అదే ఏసీసినాది తల్లీ. దబ్, దబ్ అని రెండూ అదే. నాను తేరుకుని మల్లీ రోకలెత్తీసరికి అది నా సోటులో ఉన్నాది. అప్పుడు గుద్దుకున్నాయి." చీరచెంగుతో ముఖం తుడుచుకుంది. "నన్ను కాసినాది. దాన్ని నాను నలభై ఆరేళ్ళు ఆడిపోసుకున్నాను."

రొంటినున్న సంచిలోంచి బటన్ల ఫోను తీసి, నంబరు నొక్కి ఇమ్మని నా చేతికిచ్చింది. నొక్కి, ఆమెకు వినబడాలని స్పీకరు పెట్టి, పూర్తి శబ్దం ఇచ్చాను. హాలంతా వినబడేంత శబ్దం. ఎవరూ అభ్యంతరం చెప్పలేకపోయారు, అది భాండాగారం పాట కాదు.

"సింవాచలం! నానే. ఇన్నాను. తప్పు నాదేనే."

అవతలినుంచి ఒక గొంతు పలికింది. "ఏటప్పా? ఇనబడ్నేదు."

"రోకలి తప్పింది నాను! నువ్వు కాదు!"

"సరిగ్గా ఇనబడ్నేదప్పా. గట్టిగా సెప్పు."

బంగారమ్మ ఊపిరి పీల్చుకుని, వేదిక దద్దరిల్లేలా అరిచింది. "తప్పు నాదే సింవాచలం! నాదే! నువ్వే నన్ను కాసినావు! నన్ను చమించీయే!"

ఫోనులో ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఆ వెనకే నవ్వు.

"ఇనబడినాదప్పా. మొదటిపాలే ఇనబడినాది. నలభై ఆరేళ్ళు నీ నోట ఆ మాట ఇన్నాను, ఈ మాట మూడుపాల్లైనా ఇనొద్దేటి?"